ఏమీ నొక్కకపోతే అత్తింటికే

ఆ ఇంట్లో కంప్యూటర్ ఒకటే, దాని మీద కాపురాలు మాత్రం రెండు. అత్తగారు గౌన్లూ చొక్కాలూ కత్తిరించే నమూనాలు గీసి దర్జీ దుకాణాలకు పంపుతుంది. కోడలు సినిమాల అడుగున కనిపించే మాటలు రాస్తుంది. ఒకరి పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఇంకొకరి సిస్టమ్‌లో నడవదాయె. అందుకని కోడలి అన్న ఒక ఆదివారం వచ్చి, డిస్కును రెండు వాటాలు చేసి, పాత సిస్టమ్ పక్కనే కొత్తది ఎక్కించాడు. అంతటితో ఊరుకుంటే వాడు వాడెందుకవుతాడు? ఆన్ చేయగానే దేంట్లోకి వెళ్తారని అడిగే మెనూలో పాతదానికి 'అత్తిల్లు' అనీ, తను ఎక్కించినదానికి 'పుట్టిల్లు' అనీ పేర్లు పెట్టాడు. ఏమీ నొక్కకుండా కాసేపు ఊరుకుంటే అది తిన్నగా అత్తింట్లోకే పోతుంది.

"కంప్యూటర్ కొన్నది వాళ్ళు కదే చెల్లీ, ఆపాటి మర్యాద ఉండాలి," అని పళ్ళికిలించాడు.

ఆ పేర్లు ఇంట్లో స్థిరపడిపోయాయి. "అమ్మాయ్, ఇంకా పుట్టింట్లోనే ఉన్నావా? నాకు పనుంది, బయటికి రా!" అని అత్తగారు కేకేసేది. "వచ్చేస్తున్నా అత్తయ్యా, మీ ఇల్లు మీరే ఏలుకోండి," అని కోడలు కుర్చీ ఖాళీ చేసేది.

ఆ రోజు పొద్దున కోడలికి ప్రాణం మీదికొచ్చింది. ఒక పెద్ద కంపెనీ ఆమెకు ఒక సినిమా మొత్తం ఇచ్చి, రాసి చూపించమంది. మధ్యాహ్నం పన్నెండింటికల్లా పంపాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. నచ్చడం సంగతి తర్వాత, ముందు అందాలి కదా! రాయడం అయిపోయింది, పంపడమే తరువాయి. కంప్యూటర్ ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్లగా ఒకే ఒక్క వాక్యం వచ్చింది, అటువంటి వాటా ఏదీ లేదని. దాని కింద ఒక గీత మినుకు మినుకుమంటోంది. మెనూ లేదు. పుట్టిల్లు లేదు, అత్తిల్లూ లేదు. ఆపి మళ్ళీ పెట్టింది. అదే వాక్యం. ఇంకో కాపీ ఎక్కడైనా దాచుకోవాలని వంద సార్లు అనుకుంది మహాతల్లి, అనుకోవడంతోనే సరిపోయింది.

గుమ్మం దగ్గర అత్తగారు చీరచెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఆ తుడవడం ఎంతకీ అవలేదు.

కోడలు అన్నకు ఫోన్ చేసింది. అవతల ఎత్తిన చప్పుడు వినిపించిందో లేదో, అందుకుంది.

"అన్నయ్యా, పుట్టిల్లు మాయమైపోయింది! అత్తిల్లు కూడా నన్ను లోపలికి రానివ్వట్లేదు. మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెయ్యకపోతే నా బతుకు బజారున పడ్డట్టే. వెంటనే రా!" అని టక్కున పెట్టేసింది.

ఫోన్ ఎత్తింది అన్న కాదు, అమ్మ. వాడు స్నానం చేస్తున్నాడు. ఆ సంగతి తలుపు తీశాక గానీ కోడలికి తెలియలేదు. ఎదురుగా అమ్మ, చేతిలో పేద్ద ఖాళీ సూట్‌కేస్. వెనకాల అన్న, తల తడి ఆరలేదు, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"పదవే, బట్టలు సర్దు," అంది అమ్మ.

కోడలు నోరు తెరిచే లోపే అత్తగారు ముందుకొచ్చింది. పాపం, పొద్దుటినుంచీ గుండెల్లో రాయి మోస్తోంది.

"తప్పు నాదే వదినగారూ. పుట్టింటిని తీసేసింది నేనే. నాకు చోటు చాలక ఇరుగ్గా ఉంది. పక్కన చూస్తే పేరూ ఊరూ లేకుండా ఏదో పడి ఉంది. లోపల ఏమీ లేదనుకున్నాను."

"పేరూ ఊరూ లేదా!" అమ్మ సూట్‌కేస్ ధన్‌మని కింద పెట్టింది. "నిక్షేపంలా ఇంతమందిమి ఉంటే, ఏమీ లేదంటారా?"

"నిన్న రాత్రే గోడ తీసేశాను. పొద్దున్నే నాదాంట్లో కలిపేసుకుందామని..."

"కలిపేసుకుంటారా! విన్నావురా? పిల్లని ఇచ్చింది చాలక ఇల్లు కూడా కావాలిట!"

అన్న అక్కడే చెప్పులు విప్పే చోట కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అమ్మా, ఇల్లు కాదే... కంప్యూటర్!" అనడానికి వాడికి ఊపిరి చాలలేదు.

కోడలికి మాత్రం నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"నన్ను ఒక్క మాట అడగొచ్చుగా అత్తయ్యా?"

"అడిగానమ్మాయ్. పక్కన ఖాళీగా ఉన్నది తీసేయనా అంటే, ఊఁ అన్నావు."

కోడలు గతుక్కుమంది. నిజమే. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని, ఫోన్‌లో అదే సినిమా మళ్ళీ వింటోంది. అత్తగారు వచ్చి ఏదో అనడం, తను తలెత్తకుండా ఊఁ కొట్టడం గుర్తొచ్చింది. ఒక్క ఊఁతో ఉద్యోగాన్ని తనే చెరిపేసుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

అన్న నవ్వు ఆపి లేచాడు. "అత్తయ్యగారూ, తీసేశాక దాన్ని మీదాంట్లో కలిపారా? దాని మీద ఏమైనా పెట్టారా?"

"లేదు నాయనా, నిద్దరొచ్చి ఆపేశాను."

"బతికించారు!"

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. అందులో ఉన్న సిస్టమ్‌తో కంప్యూటర్‌ను లేపి, డిస్కంతా వెతకమని పురమాయించాడు. "ఇల్లు కూలిపోలేదే చెల్లీ, గుమ్మం మీద నంబరు చెరిపేశారంతే. దొరికితే మళ్ళీ రాసేస్తాను," అన్నాడు. వెతుకులాట నత్తలా సాగింది. అమ్మ తన సూట్‌కేస్ మీదే కూర్చుంది. అత్తగారు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తెరనే చూస్తూ ఉండిపోయారు. గడియారం పన్నెండుకు దగ్గరపడుతుంటే కోడలు గోళ్ళు కొరుక్కుంది.

"దొరికింది!" అన్నాడు అన్న. నంబరు రాశాడు, పెన్‌డ్రైవ్ పీకి, ఆపి మళ్ళీ పెట్టాడు. మెనూ వచ్చింది, రెండు ఇళ్ళూ వచ్చాయి. కోడలు పుట్టింట్లోకి దూసుకుపోయి, ఫైల్ పంపి, అందిందని జవాబు వచ్చాక గానీ ఊపిరి తీసుకోలేదు.

వెళ్ళబోతూ అన్న మళ్ళీ మెనూ తెరిచాడు. "ఇంతకీ ఏమీ నొక్కకపోతే ఇకమీదట ఎటు పోనిమ్మంటారు?"

"అత్తింటికే," అంది కోడలు బుద్ధిగా.

"పుట్టింటికే పోనీ నాయనా," అంది అత్తగారు. "నాకు బటన్ నొక్కడం వచ్చు. దీనికి తలెత్తి చూడటమే రాదు."

అమ్మ ఫక్కున నవ్వింది. సూట్‌కేస్ ఖాళీగా మోసుకుపోవడం నామోషీ అనిపించి, అత్తగారి దగ్గర నాలుగు గౌన్ల నమూనాలు అడిగి అందులో పెట్టించుకుంది.

సాయంత్రం కోడలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిలో మునిగిపోయి ఉంది. వెనకనుంచి ఏదో వినబడింది. ఊఁ అనబోయి నాలుక్కరుచుకుని, హెడ్‌ఫోన్స్ తీసి వెనక్కి తిరిగింది.

"ఏంటి అత్తయ్యా?"

"ఏం లేదమ్మాయ్," అంది గుమ్మంలో నిలబడ్డ అత్తగారు. "పలుకుతావో లేదో చూశాను."