ఆరో పేజీలో లేని మాట

చెవులకి హెడ్‌ఫోన్లు, కుడికాలి కింద పెడల్. కాలు నొక్కితే రికార్డింగులో గొంతు నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. పదకొండేళ్ళుగా టైపిస్టమ్మ బతుకంతా ఆ కాలి మీదే నడుస్తోంది. పొట్టి మనిషి కావడంతో కుర్చీలో పాత ఫోను డైరెక్టరీ వేసుకుని దానిమీద కూర్చుంటుంది. నర్సింగ్ కాలేజీలో మేడమ్ చేసే పరిశోధన కోసం నర్సులు చెప్పుకున్నదంతా ఆవిడ చెవుల్లో దూరి కాగితం మీద పడుతుంది.

మేడమ్‌కి అంకెలూ శాతాలూ అక్కర్లేదు. చావు పక్కన నిలబడ్డప్పుడు నర్సు మనసులో ఏం జరుగుతుందన్నదే ఆవిడ చదువు. అందుకే ఒకటే పట్టు. దగ్గితే దగ్గు అని కొట్టాలి, ఏడిస్తే ఏడుపు అని కొట్టాలి, నోరు మూసుకుంటే ఎన్ని సెకన్లో కొట్టాలి. సొంత పైత్యం కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు. తర్వాత ఆ కాగితాలు చెప్పిన మనిషికే ఇచ్చి, "మీరన్నది ఇదేనా?" అని చదివించి సంతకం తీసుకుంటారు. ఇదివరకటి టైపిస్టు నాలుగు మాటలు తనే సర్దినందుకు ఆ సాయంత్రమే పని ఊడి ఇంటికి పోయింది.

అంత తెలిసీ మన టైపిస్టమ్మ నాలుగు ముక్కలు మింగేసింది.

రిటైరైన ఓ సిస్టరు మాటలవి. పేర్లు బయటపెట్టకూడదు గనక ఆవిడ ఏడో నంబరు. "ఆ రాత్రి పదకొండో మంచం బెల్లు మోగుతూనే ఉంది. నాకు వినపడింది. భయమేసి వెళ్ళలేదు. తెల్లారి చూస్తే పోయింది." అక్కడ టైపిస్టమ్మ వేళ్ళు మొరాయించాయి. వాళ్ళమ్మ కూడా అలాగే పోయింది, వేరే ఊళ్ళో, వేరే వార్డులో, పక్కన ఎవరూ లేనప్పుడు. దిండు దగ్గర బెల్లు ఉండేది. తమ్ముడికి మాత్రం టైపిస్టమ్మ "నిద్రలోనే పోయిందిరా" అని చెప్పింది. చెప్పీ చెప్పీ తనూ నమ్మింది. ఇప్పుడీ మాటలు ఎలా కొడుతుంది? పాపం, ఆ పెద్దావిడకి ఏం ముంచుకొస్తుందోనని తనకు తనే సర్దిచెప్పుకుని, పెడల్ నొక్కి ముందుకెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున మేడమ్ తలుపులోంచి తల పెట్టింది. "పదకొండింటికి ఏడో నంబరు చదవడానికి వస్తున్నారు. మీరూ ఉండండి."

టైపిస్టమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ముక్కలు కలిపి మళ్ళీ ప్రింటు తీద్దామంటే, కాగితాలు అప్పటికే మేడమ్ బల్ల మీదున్నాయి. ఈ వయసులో ఇంకెవరు పిలిచి పనిస్తారు? రెండుసార్లు బాత్రూముకెళ్ళొచ్చింది. మూడోసారి లేవబోతుంటే పిలుపొచ్చింది.

సిస్టరు సన్నగా, నిటారుగా ఉంది. బ్యాగులోంచి రెండు రంగుల పెన్ను తీసింది. "పగటి డ్యూటీ నీలం, రాత్రి డ్యూటీ ఎరుపు. అలవాటు చావదు," అని నవ్వింది. వేలు తడుపుకుంటూ చదవసాగింది. టైపిస్టమ్మ ఆ వేలునే చూస్తోంది. ఆరో పేజీలో వేలు ఆగింది. మళ్ళీ పైనుంచి దిగింది, మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇక్కడ నేనింకో మాట చెప్పానమ్మా," అంది మేడమ్‌తో. పెన్ను ఎరుపు వైపు నొక్కింది.

మేడమ్ టైపిస్టమ్మ వైపు తిరిగింది. "ఏమండీ, రికార్డింగులో ఉందా?"

టైపిస్టమ్మ బల్ల అంచు చూస్తూ అంది. "అక్కడ... వినపడలేదండీ. ఏదో గరగర."

సిస్టరు కళ్ళజోడు తీసి ఆవిడ మొహంలోకి చూసింది. అయిపోయింది, పట్టేసిందిరా దేవుడా, అనుకుంది టైపిస్టమ్మ.

"రికార్డింగు నేను వింటాను," అంది మేడమ్.

"వద్దులేమ్మా. ఆ ముక్క నాకూ వద్దు, వదిలేయండి." సిస్టరు పెన్ను ఆ పేజీ మీదే పెట్టేసింది. "వినపడలేదంటోందిగా. ఆ పొద్దున పదకొండో మంచం ఆవిడ పిల్లలకి నేనూ ఇదే చెప్పాను."

మేడమ్ నొక్కి అడగలేదు. వద్దనే హక్కు చెప్పినవాళ్ళదే. సిస్టరు తన పెన్ను ముట్టకుండా మేడమ్ పెన్నుతో సంతకం పెట్టి లేచింది. మేడమ్ గేటుదాకా వెళ్ళింది సాగనంపడానికి.

బతికిపోయాను, అనుకుంది టైపిస్టమ్మ. అయినా కూర్చోలేకపోయింది. కిటికీ దగ్గరికెళ్ళి సిస్టరుని వెనక్కి పిలిచి, వినపడిందని చెప్పేద్దామని నోరు తెరిచింది. పిలవలేదు. కాసేపటికి వీధిలో ఎవరూ లేరు.

ఆరో పేజీ మీద సిస్టరు పెన్ను అలాగే ఉంది, ఎర్ర ములికి బయటికే ఉంది, దాని కింద కాగితం మీద చుక్కయినా పడలేదు.