గుండ్రాయిలాంటి పిల్ల

“జడ్జిగారి ముందుకు పిల్లని ఆ గొట్టం కనబడేలా తీసుకెళ్తావా? గౌనుకి కాలర్ పెట్టవే అంటే వినవు,” అంది అత్తగారు. పొద్దున్నించీ అదే పాట.

“కాలర్ పెడితే దానికి ఊపిరెట్లా ఆడుతుంది అత్తయ్యా? జడ్జిగారి ముక్కుతోనా?” అంది కోడలు, పళ్ళ మధ్య గుండుసూదులు వదలకుండానే.

ఆవిడ దర్జీ. ఇంట్లో బట్టలు కుట్టే మిషనొకటి, కఫం లాగే మిషనొకటి. గోడకున్న ఒక్క ప్లగ్గు కోసం రెండూ సవతుల్లా కొట్టుకుంటాయి.

కఫం మిషను పిచ్చుకది. పిచ్చుకంటే పెంపకానికని సర్కారు అప్పగించిన పిల్ల. గొంతులో రంధ్రం, అందులో గొట్టం. మాట రాదు, ఏం కావాలన్నా అరచేత్తో నేలమీద కొడుతుంది. రేపు కోర్టులో సంతకాలయితే ఈ ఇంటి పిల్ల అయిపోతుంది. ఆసుపత్రి, మందులు, గొట్టాలు అన్నీ ఇన్నాళ్ళూ సర్కారు కార్డు మీదే నడిచాయి. జరగబోయే గొంతు ఆపరేషనుకి కూడా ఆ కార్డే ఆధారం.

ఫోను మోగింది. సంక్షేమ ఆఫీసు మేడమ్.

“రేపు దత్తత ఆర్డరు రాగానే కార్డు ఆగిపోతుందమ్మా. జబ్బున్న పిల్లలకి దత్తతకి ముందే ఒప్పందం చేసుకుంటే కొనసాగుతుంది. మీవారు ఏ సాయమూ వద్దన్నారట కదా?”

“ఆర్డరు వచ్చాక అడిగితే?”

“కుదరదు. ముందే ఉండాలి.”

“మరి వాయిదా అడిగితే?”

“అడగొచ్చు. కానీ పిల్ల మేనత్తనంటూ ఎవరో కొత్తగా వచ్చారు. రేపు ఆర్డరయితే ఆ గొడవ ఉండదు. వాయిదా పడితే జడ్జిగారు వాళ్ళ మాటా వినాలి.”

ఆవిడ ఫోను పెట్టేసి, సగం కుట్టిన గౌను మిషను మీదే వదిలేసింది.

లిఫ్టులు బాగుచేసే మొగుడు సాయంత్రం గ్రీజు చేతులతోనే వచ్చాడు. విషయం విని చెప్పులైనా విడవలేదు. వెంటనే కంపెనీ ఇన్సూరెన్సు గుమాస్తాకి ఫోను చేశాడు. పాత జబ్బులకి వర్తించదన్నాడు అతను. పెద్ద డాక్టరుకి చేస్తే ఎత్తనేలేదు.

“సాయం వద్దని ఎందుకండీ అంత మాటన్నారు?”

“ఆ ఆఫీసు నించి విచారణకొచ్చినవాడు పిల్లని పాత సామాను చూసినట్టు చూసి, ‘లోపాలేమున్నాయి’ అన్నాడు. అది వింటోంది. నాకు ఒళ్ళు మండింది. మా పిల్లకేం, గుండ్రాయిలా ఉంది, మీ సాయం మాకొద్దు అన్నా.”

“గుండ్రాయికి గొట్టమేంటని అడగలేదా నాన్నా ఆయన?” అంది కాలేజీ నించి వచ్చిన పెద్దకూతురు. నవ్వించబోయింది.

“మన పిల్ల అనిపించుకోడానికే కదమ్మా అన్నాను.”

అంతలో నేలమీద దబదబా చప్పుడు. పిచ్చుక పెదాలు నీలమవుతున్నాయి. ఆవిడ ఒక్క అంగలో వెళ్ళి కుట్టుమిషను ప్లగ్గు పీకి, కఫం మిషనుది పెట్టి గొట్టంలోకి సన్నని పైపు దించింది. గరగరమంటూ కఫం వచ్చింది. పిల్ల మొహానికి రంగు తిరిగొచ్చింది. పిచ్చుక ఆవిడ చీర కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుంది, తనకి అలవాటైన పనే అన్నట్టు.

వాడిన పైపు పారేసి, కొత్తది తీద్దామని అలమారలో చెయ్యి పెట్టింది ఆవిడ. వేళ్ళకి తగిలినవి కొన్నే. రేపటి తర్వాత ఇవెవరిస్తారు? అలమార తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేనత్త ఇంట్లో అర్ధరాత్రి ఈ చప్పుడు ఎవరికి వినబడుతుంది? ఏ వైపు తిరిగినా గోడే.

అందరూ భోజనానికి కూచున్నారు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. పిచ్చుక మాత్రం పెద్దకూతురి ఒళ్ళో కూచుని ఆమె గాజులు లెక్కపెట్టుకుంటోంది.

“రేపు సంతకం పెట్టం,” అంది ఆవిడ, మంచినీళ్ళు పోస్తూ. “వాయిదా అడుగుదాం. ఏమండీ, పిల్లకి జబ్బుందని మీ నోటితోనే జడ్జిగారికి చెప్పాలి. కార్డు ఖాయమయ్యాకే దత్తత.”

మొగుడు తల వంచుకుని ఊ అన్నాడు.

“ఈలోగా ఆ మేనత్త వాళ్ళొచ్చి తీసుకుపోతేనో?” అంది అత్తగారు.

“కార్డుంటే ఎక్కడున్నా ఊపిరి పీలుస్తూ ఉంటుంది అత్తయ్యా,” అంది ఆవిడ నెమ్మదిగా. “తినండి.”