ఆదివారానికి రేటు లేదు

మా అన్నయ్య ఆదివారం పోయాడు. బతుకంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసిన మనిషి చివర్లో చేసిన తప్పు అదేనని ఒక ఆఫీసు నాలుగేళ్లుగా మాకు నచ్చజెబుతోంది.

అన్నయ్య పరాయి దేశపు ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. ఒక రాత్రి ఇనుప తాడు తెగింది, మనిషి దక్కలేదు. కంపెనీవాళ్లు ధర్మాత్ములు, పరిహారం ఇస్తామని వెంటనే ఒప్పుకున్నారు. కాకపోతే అది వాళ్ల డబ్బులో ఉంది, మా చేతికి రావాల్సింది మా డబ్బులో. మనిషి పోయిన రోజున మారకం రేటు ఎంతుంటే అంత కట్టాలని రూల్. ఆదివారం బ్యాంకులకి సెలవనీ, ఆ రోజుకి రేటే ఉండదనీ ఆ రూల్ రాసిన మహానుభావుడికి తట్టలేదు. ఆయన చుట్టాలంతా పనిదినాల్లోనే పోయేవాళ్లేమో.

ముందురోజు రేటు తీసుకుంటే సరిపోదా అంటారు. అక్కడే ఉంది తిరకాసు. సరిగ్గా ఆ ఆదివారమే మా ప్రభుత్వం మా డబ్బు విలువ తగ్గించింది. శనివారం వాళ్ల నోటు ఒకటికి మావి పన్నెండు, సోమవారం పద్దెనిమిది. ఇప్పుడేమో వదిన బట్టలు కుట్టే దుకాణం గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. నెలాఖరులోగా కొంటే సరే, లేదంటే మిషన్లు తీసేయమన్నాడు. ఆ రెండు మిషన్ల మీదే వదినా, ఇద్దరు పిల్లలూ బతుకుతున్నారు. సోమవారం లెక్కన డబ్బొస్తే గది దక్కుతుంది. శనివారం లెక్కన వస్తే దక్కదు.

కంపెనీకి మా ఊళ్లో ఉన్న ఆఫీసులో ఈ వ్యవహారం చూసేవాడికి నేను పెట్టుకున్న పేరు రేట్లాయన. ఆయన గదినిండా బీరువాలు, బీరువాల నిండా పాత రేట్లు. ఏ సంవత్సరం ఏ తారీఖున వాళ్ల నోటుకి మావెన్నో, తల తిప్పకుండా చెబుతాడు. ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్లకి కుర్చీ చూపించాలని మాత్రం ఏ బీరువాలోనూ రాసిలేదు. ఈసారి మేమే లాక్కుని కూర్చున్నాం.

"శనివారం అనుకుందామమ్మా," అన్నాడు వదినతో. "సెలవొస్తే ముందురోజు రేటు కట్టడం మాకు అలవాటు."

"సోమవారం అనుకుంటేనో?" అన్నాను.

"మనిషి పోయాక వచ్చిన రేటు ఎలా వర్తిస్తుందండీ? మీ అన్నగారు ఒక్క పూట ఆగి ఉంటే మాకీ తలనొప్పి ఉండేది కాదు."

నా ఒళ్లు మండిపోయింది. "మాదే పొరపాటు సార్. సోమవారందాకా ఆగి తెగమని ఆ తాడుతో చెప్పి ఉండాల్సింది."

వదిన బల్లకింద నా చెయ్యి గిల్లింది. ఆవిడకి గొడవలు గిట్టవు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఆయన ఊసే ఎత్తదు. పిల్లలు నాన్న గురించి అడిగినా కొలతలనీ, దారాలనీ, స్కూలు ఫీజులనీ మాట మార్చేస్తుంది. గుండె రాయి చేసుకుందని నేనే చాలాసార్లు అనుకున్నాను, కోప్పడ్డాను కూడా.

ఆ గిల్లుడికి నోరు మూసుకుని, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గోడకేసి చూశాను. రేట్లాయన నెత్తిమీద రెండు గడియారాలున్నాయి. ఒకటి ఇక్కడి టైము, రెండోది అక్కడిది. నాలుగేళ్లుగా వాటికిందే కూర్చుని తగువాడుతున్నాం.

"సార్, డెత్ సర్టిఫికెట్‌లో టైమెంతుంది?"

"రాత్రి పదిన్నర."

"అక్కడ పదిన్నరైతే ఇక్కడెంత?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ముప్ఫయ్యేళ్ల రేట్లు కంఠస్థం వచ్చిన మనిషి మూడు గంటలు కలపడానికి వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. "ఒంటిగంటన్నర," అన్నాడు.

"ఏ రోజు?"

ఆయన రూల్ పుస్తకం తీశాడు. పేజీలు తిప్పితిప్పి ఒకచోట ఆగి, 'చెల్లింపు జరిగే దేశపు కాలమానం ప్రకారం' అని పైకి చదివాడు. మాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. ఈ ఫైలు ఎందుకు తెమల్లేదని ఆడిట్‌వాళ్లు ఏటా ఆయనకి తలంటుతున్నారట.

"సోమవారమే! ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు, గడియారాలు మేమే ఇంట్లో దాచిపెట్టినట్టు.

తన భర్త సోమవారం మరణించినట్టు ఒప్పుకుంటున్నానని ఒక కాగితం టైపు చేయించి వదిన ముందు పెట్టాడు. వదిన పెన్ను పట్టుకుంది గానీ సంతకం పెట్టలేదు.

"పెట్టు వదినా. గది మనదవుతుంది," అన్నాను మెల్లగా.

ఆవిడ నన్ను చూడలేదు. ఆయన్నే అడిగింది. "అంటే ఈ లెక్కన ఆదివారమంతా ఉన్నట్టేనా అండీ?"

"ఉన్నట్టేనమ్మా," అన్నాడు రేట్లాయన, సొంత జేబులోంచి తీసి ఇస్తున్నంత ఉదారంగా. "ఆదివారం పూర్తిగా ఉన్నట్టే."

వదిన కాసేపు ఆ కాగితం చూసి, "మరి మంగళవారం రేటు లేదా అండీ?" అంది.

రేట్లాయన కళ్లద్దాలు తీసి, అయ్యో ఈవిడా ఇంతేనా అన్నట్టు నావైపు చూశాడు. "ఆశకి అంతుండాలమ్మా. అయినా మంగళవారం తగ్గింది, పదహారే. నష్టపోతారు."

"తగ్గితే తగ్గిందిలెండి," అంది వదిన. "ఇంకో రోజు ఉంటాడు కదా."

నాకింక వెటకారం రాలేదు. వదిన చెయ్యి పట్టుకుని సోమవారం కిందే సంతకం పెట్టించాను. ఆ బల్ల దగ్గరే ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం.