గొడుగు కథ పట్టిన పలక

మా ఆవిడకి మోకాలి ఆపరేషనైంది. ఆసుపత్రి మంచం మీదనుంచే నర్సులకి వంట పాఠాలు చెబుతూ, ఇంటికొచ్చాక తను ఎక్కడ కూర్చోవాలో కూడా తేల్చేసింది. వంటింటి వెనక, గాలి తగిలేచోట. అక్కడ ఉన్నదల్లా బురద, కాలు విరిగిన కుర్చీ. అందుకని ఆవిడకి చెప్పకుండా, వంటింటి గుమ్మం దగ్గరనుంచి పెరటి గోడదాకా చెక్క అరుగు వేయించాం.

వడ్రంగి పలకలు బిగించి వెళ్లిపోయాడు. ఇక మిగిలింది రంగు. గోడకి వేసే రంగు కాదు, చెక్క లోపలికి ఇంకి వాననీ ఎండనీ ఆపే స్టెయిన్. తేనె రంగుది ఒక డబ్బా తెచ్చి మధ్యలో పెట్టుకుని, దాన్ని ఎలా పూయాలో తీరిగ్గా పోట్లాడుకుంటున్నాం. ఆవిడ రావడానికి ఇంకా వారం ఉంది కదా అని ధీమా.

అప్పుడు మోగింది ఫోను. అమ్మాయి ఎత్తి, విని, పెట్టేసి, "అమ్మని రేపు పొద్దున్నే పంపించేస్తారట!" అని గెంతింది.

నా గుండె గంతులేసింది. ఆ వెంటనే, రంగు పడని అరుగు వైపు చూసేసరికి గంతు సగంలో ఆగింది.

"ఇవాళే పూసెయ్యాలి," అంది అమ్మాయి. "రాత్రంతా ఆరాలి. అమ్మ వాకర్‌తో నడుస్తుంది. ఎక్కడైనా జిగురుగా ఉండి వాకర్ కాలు అతుక్కుందా, మళ్లీ ఆసుపత్రే."

మా అమ్మాయి బస్సు కండక్టరు. ఆ గొంతు విన్నాక ఎవడైనా ముందుకి జరగవలసిందే. మేమూ జరిగాం, మూడు దిక్కులకి.

మా బావమరిది బోర్డులు రాసే పెయింటరు. వాడు ఓసారి గోడ మీద ఆవు బొమ్మ వేస్తే సాయంత్రానికి పక్కింటావిడ చెంబు పట్టుకుని వచ్చిందని నేను అందరికీ చెబుతుంటాను. వాడు ఎప్పుడూ కాదనలేదు. "కుంచె తప్ప ఇంకోటి చెక్క మీద పెడితే నేను ఊరుకోను," అన్నాడు.

మా అల్లుడు ఏసీలు బాగుచేస్తాడు. మీట లేని వస్తువంటే అతనికి నమ్మకం లేదు. స్నేహితుణ్ణి అడిగి చిమ్మే మిషను పట్టుకొచ్చాడు. "చిన్నమావయ్యా, మీరు కుంచె తడిపేలోపు నేను అరుగంతా కొట్టేసి స్నానం చేసొస్తా."

"చేస్తావులే. అరుగుతోపాటు గోడకీ, కిటికీకీ, మీ మామయ్య బట్టతలకీ కొట్టి మరీ చేస్తావు."

అమ్మాయిది మూడో దారి. పొడుగు కర్రకి రోలరు. నడుం వంచకుండా నిలబడి దొర్లించుకుంటూ పోవచ్చంటుంది.

"వాదన చాలు," అన్నాను. "ఆ చివర, గోడ పక్కన తలో పలక పూయండి. తీర్పు నాది."

ముగ్గురూ ఎగబడ్డారు. ఎండ చుర్రుమంటోంది. మిషను బుర్రుమంది, రోలరు గరగరలాడింది. ఖాళీ చేతులతో నిలబడటం నావల్ల కాలేదు. నా గొడుగు కథ మొదలుపెట్టాను.

"బడికి వెళ్తున్నాను. ఏం గాలి, ఏం గాలి! బావిలో నీళ్లు అల్లాడిపోతున్నాయి. గొడుగు తెరిచానో లేదో, కాళ్లు నేలమీద లేవు."

"లేవా?" అన్నాడు బావమరిది.

"చెట్ల మీదుగా పోతున్నాను. కాకులు పక్కకి తప్పుకుని దారిస్తున్నాయి. ఎదురుగా ఎవరో ఇంకో గొడుగు పట్టుకుని వస్తున్నారు. చూద్దును కదా, మా హెడ్మాస్టరు! గాల్లోనే ఆపి, 'ఏరా, లెక్కలు చేశావా?' అన్నాడు."

"నువ్వేమన్నావు బావా?"

"ఏమంటాను? పుస్తకం కింద పడిపోయిందండీ అన్నాను. ఇంతలో గాలి నన్ను ఓ ఇంటి పెరట్లోకి—"

"నాన్నా, ఇక చాలు! పలకలు చూడు," అంది అమ్మాయి.

చూశాను. మిషను పలక మీద రంగు ఇంకకుండా చెమట బొట్లలా నిలబడింది. వేలు పెడితే వేలుతో పాటు లేచింది. పైగా నా తెల్ల బనీను చిరుతపులి అయిపోయింది. రోలరు పలక పైన బాగానే ఉంది కానీ, అంచులకి, సందుల్లోకి రంగు చేరనే లేదు. సగం తోమిన పళ్లలా ఉంది. కుంచె పలక చక్కగా ఇంకింది, జిగురు లేదు. బావమరిది మీసం మెలేయబోయాడు.

అమ్మాయి ఆ పలక మీదికి వంగింది. "మావయ్యా, ఈ రెండు నల్లటి పట్టీలేమిటి?"

నిజమే. తేనె రంగు పలక మీద అడ్డంగా రెండుచోట్ల చిక్కటి చారలు.

బావమరిది తల గోక్కున్నాడు. "ఇక్కడేనమ్మా మీ నాన్న గాల్లోకి లేచింది. కాస్త చెయ్యి ఆగింది."

"మరి ఆ రెండోది?"

"హెడ్మాస్టరు."

అల్లుడు మిషను కింద పెట్టి మరీ నవ్వాడు. విషయం తేలిపోయింది. పలకని ఈ కొసనుంచి ఆ కొసదాకా తడి ఆరకుండా ఒక్క ఊపులో పూయాలి. మధ్యలో ఆగితే తడి అంచు ఎండకి ఆరిపోతుంది. దానిమీద మళ్లీ పూస్తే చార పడుతుంది. ఇన్నేళ్లుగా బోర్డులు రాసినవాడికి ఆ సంగతి తెలియదా? తెలుసు. కానీ బోర్డులు రాసేటప్పుడు వాడి పక్కన నేను లేను.

అమ్మాయి ఒక్క నిమిషం ఆలోచించి, అరుగు మధ్యకి వచ్చి నిలబడింది. "ఎండ తగ్గి ఇంటి నీడ అరుగు మీద పడగానే మొదలు. నా రోలరు పక్కన పెట్టేస్తున్నా. మిషను చిమ్ముతుంది, వెనకే కుంచె దాన్ని లోపలికి తొయ్యాలి. మిగిలిన తడి నేను గుడ్డతో తుడిచేస్తా. ఇద్దరూ జతగా నడవాలి. ఎవరు ఆగినా ఒప్పుకోను."

"మేమిద్దరమా?" అన్నారిద్దరూ ఒకేసారి.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు గోడ మీద తుంపర పడకుండా అట్ట అడ్డం పట్టుకో. నోరు మాత్రం మూసుకో నాన్నా."

నీడ పడింది. ఆ సాయంత్రం చూడాలి! అల్లుడు చిమ్ముతూ పోతుంటే, బావమరిది వెనకాలే కుంచెతో తోస్తూ, "మెల్లగా అల్లుడూ, ఇదేం పరుగుపందెమా!" అని ఒకడు, "మీరే తొందరగా రండి చిన్నమావయ్యా!" అని ఒకడు. నాలుగు పలకలు దాటేసరికి తిట్లు పోయి తాళం కుదిరింది. చిమ్ము, తొయ్యి, తుడువు. అరుగు మా కళ్లముందే తేనె ముద్దలా మెరిసిపోతోంది. నాకేమో మిగతా కథ నాలుక కొసన పడి కొట్టుకుంటోంది. కడుపు ఉబ్బిపోతోంది.

"ఇంతకీ ఏ పెరట్లో దిగావు బావా?" అన్నాడు బావమరిది, తల ఎత్తకుండానే.

నేను అట్ట చంకలో పెట్టి చేతులు చాపాను.

"సైగలు కూడా వద్దు!" అని అరిచింది కండక్టరు.

చీకటి పడేలోపు గుమ్మందాకా వచ్చేశాం. గోడ పక్కన ఆ మూడు పలకల్లో రెండింటిని కుంచెతో, గుడ్డతో సరిచేశారు కానీ, నా కథ పలక మాత్రం మారలేదు. గీకి మళ్లీ పూసే తీరిక లేదు.

తెల్లారగానే అమ్మాయి అరుగంతా అరచేత్తో తడిమింది. ఎక్కడా అంటలేదు. అయినా కారు వచ్చి ఆగినప్పుడు నేను ఇంకోసారి తడిమి చూశాను.

మా ఆవిడ వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఎదురుగా ఉన్న అరుగుని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. వాకర్ ముందుకి వేసింది. మేం నలుగురం వాకర్ కాళ్ల వైపే చూస్తున్నాం. ఎత్తింది. చప్పుడు లేకుండా లేచింది. మళ్లీ వేసింది. అలా అలా గోడదాకా నడిచేసింది!

అల్లుడు మా బావమరిదిని వాటేసుకున్నాడు.

మేం వేసి ఉంచిన కొత్త కుర్చీలో కూర్చోబోతూ ఆవిడ కిందికి చూసింది. "అంతా ఇంత బాగా చేసి, ఈ పలకకి ఏం పుట్టింది?"

"బావ గొడుగు కథ చెప్పాడక్కా," అన్నాడు బావమరిది.

ఆవిడ వాకర్ కాలితో మొదటి చార మీద కొట్టింది. "ఇక్కడ లేచారు." రెండోదాని మీద కొట్టింది. "ఇక్కడ హెడ్మాస్టరు. ఇంతేనా? మూడోది ఏది? మా పెరట్లో దిగకుండానే ఆపేశారా?"

"మీ అమ్మాయి ఆపించింది," అన్నాను.

"నిన్నటినుంచీ గాల్లోనే వేలాడుతున్నారన్నమాట. చెప్పండి, వింటాను. కాకపోతే ఈసారి మా కోళ్లగూడు మీద పడ్డ సంగతి మింగెయ్యకండి. అది విరిగినందుకే కదా మా నాన్న మిమ్మల్ని వారం రోజులు రిపేరుకి పెట్టుకున్నాడు."

నేను గొంతు సవరించుకున్నాను. ఎవరి చేతుల్లోనూ కుంచె లేదని ఓసారి చూసుకుని, గాల్లోంచి దిగడం మొదలుపెట్టాను.