ఇప్పుడెక్కడ

భుజం ఎముక విరిగిన రోజున అక్కను ఆసుపత్రికి తీసుకొచ్చింది బావే. మెట్ల మీద కాలు జారిందని డాక్టరుకు చెప్పిందీ బావే. కట్టు కడుతున్నంతసేపూ అక్క చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. చెల్లెలు తలుపు దగ్గర నిలబడి బావ చేతినే చూసింది. పిడికిలి కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది.

అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఆరేళ్ళు. బావకు కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. పనిమంతుడు. నలుగురిలో నవ్వుతూ మాట్లాడేవాడు, మరదలిని ‘చిన్నమేడమ్’ అని ఆటపట్టించేవాడు. ఇంటి తలుపు వేశాక మాత్రం చేతికి ఏది అందితే అదే. ఒకసారి ఇస్త్రీపెట్టె, ఒకసారి కుక్కర్ మూత. ఆ మెట్ల కథ చెప్పిన రోజున మాత్రం ఉత్త చేతులే.

కట్టు విప్పిన వారానికి అక్క ఒక్క సంచీతో బయటికొచ్చేసింది. బావ ఆమె దగ్గరికి రాకూడదని కోర్టు కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని బావ షెడ్డులో నలుగురి ముందూ చదివి, చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడట. దాంతో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఊరు మారారు, ఫోన్ నంబర్లు మార్చారు. ఎక్కడున్నదీ అమ్మకు కూడా ఒట్టు వేయించుకునే చెప్పారు. ఒకే విశ్వవిద్యాలయంలో ఇద్దరికీ ఉద్యోగాలు దొరికాయి. అక్క రసాయనశాస్త్రం ల్యాబులో పాఠాలు చెప్పేది. చెల్లెలు కంప్యూటర్ల విభాగంలో ‘పలక’ రూపురేఖలు మార్చే పనిలో చేరింది.

పలక అంటే విద్యార్థులూ మాస్టార్లూ వాడే వెబ్‌సైటు. పాఠాలు పెట్టుకోవడానికీ, హోమ్‌వర్కు ఇవ్వడానికీ, నలుగురు కలిసి ఒకే రిపోర్టు రాసుకోవడానికీ అదే ఆధారం. దాన్ని ఏ కంపెనీ దగ్గరా కొనలేదు. నలభై విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి రాసుకున్న ఓపెన్ సోర్స్ సరుకు. లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, ఎవరి కాపీ వాళ్ళు పెట్టుకుని నడుపుకోవచ్చు, బాగాలేదంటే బాగుచేసి పంపొచ్చు. పన్నెండేళ్ళుగా తలా ఒక చెయ్యి వేసేసరికి అది ఎక్కడ తలో ఎక్కడ తోకో తెలియకుండా తయారైంది. హోమ్‌వర్కు పంపాలంటే పదకొండుసార్లు నొక్కాలి. చెల్లెలు ఆ పదకొండును మూడు చేసింది.

దాన్ని ఆమె గదిలో కూర్చుని చెయ్యలేదు. నోటుపుస్తకం పట్టుకుని విద్యార్థుల వెనక కూర్చుని, వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసుకునేది. మొదటి వారంలో ఒక కొత్త పిల్ల ఎదురైంది. క్లాసు ఎక్కడో తెలియక నాలుగు అంతస్తులూ తిరిగి తిరిగి, చివరికి లిఫ్టు పక్కన కూలబడి ఏడుస్తోంది. ఆ పిల్లకు ఇంకా లాగిన్ కూడా ఇవ్వలేదు. ఆ సాయంత్రమే చెల్లెలు ఒక కార్డు గీసింది. పైన మాస్టారి ఫోటో గుండ్రంగా, కింద పేరు, దాని కింద ‘ఇప్పుడెక్కడ’ అని గది నంబరు. లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. పేరు పెట్టి వెతికితే చాలు, దొరుకుతుంది.

“బాగుంది,” అన్నాడు ఆమెతో పనిచేసే ప్రోగ్రామరు. గడ్డం ఛాతీ దాకా ఉంటుంది కాబట్టి అందరికీ అతను గడ్డమే. “నీలం రంగు తప్ప.”

ఆ నీలం రంగు మీద ఇద్దరూ రెండు వారాలు పోట్లాడుకున్నారు. చివరికి ఆమె మాటే నెగ్గింది.

ఆ మధ్యలో ఎక్కడో దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అందరూ చూసే చర్చలో రెండు వాక్యాలు రాసింది. ‘లాగిన్ లేకుండా ఇది చూసేది విద్యార్థులేనని ఎలా అనుకుంటున్నారు? ఫలానా వాళ్ళు ఎక్కడున్నారో తెలియకూడని మనుషులు కూడా ఉంటారు కదా.’ చెల్లెలు ఆ రోజు నలభై ఉత్తరాలకు జవాబులు రాసింది. దీనికి కూడా రాసింది: ‘మంచి మాట. తరవాతి విడతలో తప్పక చూస్తాం.’ పక్కన ఒక నవ్వు ముఖం కూడా పెట్టింది. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో అక్కతో కలిసి కాఫీ తాగుతున్న మనిషికి ఆ రెండు వాక్యాలు చదివినప్పుడు అక్క గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

కొత్త పలక సోమవారం బయటికొచ్చింది. గురువారం పొద్దున తొమ్మిదీ నలభైకి చెల్లెలు నోటుపుస్తకంతో రసాయనశాస్త్రం భవనం రెండో అంతస్తులో నడుస్తోంది. ఎదురుగా మెట్లెక్కి బావ వచ్చాడు.

నున్నగా గడ్డం గీసుకున్నాడు. మోకాళ్ళ దాకా వచ్చే కోటు వేసుకున్నాడు, కుడిచెయ్యి కోటు లోపల ఉంది. ఎడమ చేతిలో ఫోను.

“ఏం చిన్నమేడమ్, బాగున్నావా?” అన్నాడు, నిన్న సాయంత్రమే విడిపోయినట్టు. “ఇంత పెద్ద భవనంలో ఎలా దొరుకుతుందా అనుకున్నా. మీవాళ్ళు భలే చేశారే! పేరు కొడితే ఊరుతో, గది నంబరుతో సహా చెప్తోంది.”

ఫోను ఆమె ముఖం దగ్గర పెట్టాడు. నీలం కార్డు. గుండ్రంగా అక్క ముఖం. ఇప్పుడెక్కడ: ల్యాబు 214, పదిన్నర వరకు.

214 అతని వెనక, నాలుగు అడుగుల దూరంలో ఉంది. అతను అటు తిరిగాడు. అప్పుడు ఆమె నోటుపుస్తకం పారేసి వెనకనుంచి కోటు రెండు చేతులతో పట్టుకుంది.

“అక్కా! తలుపేసుకో! అక్కా!”

కోటు లోపలినుంచి టైర్లు విప్పే ఇనుప స్పానరు బయటికొచ్చింది. అతను వెనక్కి చూడకుండానే కొట్టాడు. ఆమె కుడి మణికట్టు విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది. ఎండుపుల్ల విరిచినట్టు పటుక్కుమంది. అయినా ఎడమ చెయ్యి వదల్లేదు. అతను తిరిగి మోకాలితో కడుపులో పొడిచాడు. కింద పడ్డాక డొక్కలో రెండుసార్లు తన్నాడు, దారికి అడ్డంగా ఉన్న పెట్టెను జరిపినట్టు. తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు.

లోపల తెల్లకోట్లలో ముప్ఫైమంది విద్యార్థులున్నారు. అక్క వాళ్ళ మధ్యలో ఒక గాజుగొట్టం పైకెత్తి పట్టుకుని ఉంది. ఆమె అరవలేదు. అరిస్తే ఇంకో నాలుగు ఎక్కువ పడతాయని ఆరేళ్ళ కాపురం నేర్పింది.

“పద ఇంటికి,” అన్నాడు బావ.

“పిల్లలూ, బయటికెళ్ళండి,” అంది అక్క.

మొదటి దెబ్బ బల్ల మీద పడింది. వరసగా పేర్చిన గాజుసామాను భళ్ళున పగిలి అందరి ముఖాల మీదికి లేచింది. రెండోది అక్క ఎడమ చెవి మీద తగిలింది. ఆమె బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. మెడ మీదుగా రక్తం కారి తెల్లకోటు కాలరు ఎర్రగా తడిసిపోయింది. వెనక వరసలోంచి ఒకమ్మాయి స్టూలు విసిరింది. అది అతని వీపుకు తగిలింది. అతను ఆ అమ్మాయి వైపు తిరిగి స్పానరెత్తాడు.

ఆ పిల్ల వైపు తిరగకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. తన మీదికి వచ్చినప్పుడు ఆరేళ్ళూ తల వంచుకున్న మనిషి, తన విద్యార్థి మీదికి పోతుంటే చూడలేకపోయింది. గోడకున్న మంటలార్పే సిలిండరు లాగింది, పిన్ను పీకింది, అతని ముఖంలోకి తెల్లపొడి కొట్టింది. అతను కళ్ళు మూసుకుని గాలిలో స్పానరు తిప్పాడు. అది బల్లకు తగిలి చేతిలోంచి జారిపోయింది. అక్క సిలిండరును రెండు చేతులతో ఎత్తి దాని అడుగుభాగంతో అతని నోటి మీద కొట్టింది. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. భుజం మీద ఇంకొకటి వేసింది. బోర్లాపడ్డాడు. వీపు మీద, నడుం మీద, ఒక్క మాట కూడా లేకుండా కొడుతూనే ఉంది.

చెల్లెలు గాజుపెంకుల మీద పాక్కుంటూ వచ్చింది. స్పానరు ఆమె ముందే పడి ఉంది. ఎడమ చేత్తో తీసుకుంది.

“చిన్నమేడమ్,” అన్నాడు బావ, పొడీ రక్తమూ కలిసిన నోటితో. “ఆపమను మీ అక్కని. చచ్చిపోతా.” అంటూనే కుడిచెయ్యి చాచి అక్క చీలమండ పట్టుకోబోయాడు.

చెల్లెలు ఆ చేతి మీద కొట్టింది. వేళ్ళు విప్పాడు. మళ్ళీ కొట్టింది. అప్పటికి ఆ చెయ్యి ఎవరినీ పట్టుకునే స్థితిలో లేదు. అది ఆమెకు తెలుసు. తెలిసే మూడోసారి ఎత్తింది.

అక్క సిలిండరు వదిలేసి, ఎత్తిన ఆ చేతిని పట్టుకుంది.

“చాలు చిట్టీ. చాలు.”

సెక్యూరిటీ వాళ్ళు వచ్చేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరూ తెల్లపొడిలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. స్టూలు విసిరిన అమ్మాయి కిటికీ దగ్గర వాంతి చేసుకుంటోంది.

ఆసుపత్రిలో, ఎక్స్‌రే కోసం బెంచీ మీద కూర్చుని, చెల్లెలు ఎడమ చేత్తో గడ్డానికి ఫోన్ చేసింది.

“ఆ కార్డు తీసెయ్. ఇప్పుడే.”

“ఒక్కణ్ణే ఎలా తీస్తాను? ఏ మార్పైనా ఇద్దరు చూసి ఒప్పుకోవాలి. రూలు పెట్టిందే నువ్వు కదా.”

“ఆ రూలు తీసుకెళ్ళి నీ గడ్డంలో పెట్టుకో!” అని ఆమె అరిచిన అరుపుకు వార్డులో అందరూ తిరిగి చూశారు. గడ్డం ఒప్పుకోవడానికి ఇంకో మనిషిని పిలిచాడు. పదకొండు నిమిషాల్లో కార్డు పోయింది.

కానీ అది వాళ్ళ విశ్వవిద్యాలయంలో మాత్రమే పోయింది. మిగిలిన ముప్ఫై తొమ్మిది చోట్లా ఎవరి కాపీ వాళ్ళదే. ఆమెకు తెలిసినంతలో ఆ నీలం కార్డు అన్ని ఊళ్ళలోనూ అంతమంది గది నంబర్లు చూపిస్తూనే ఉంది. చెల్లెలు ఒక్క బొటనవేలితో అందరికీ రాసింది. ‘వెంటనే తీసెయ్యండి. ఇది చేసింది నేనే. ఈ పొద్దున ఒకడు ఇది చూసుకుని మా అక్కను చంపడానికి వచ్చాడు.’ మొదటి జవాబు లైబ్రేరియన్ నుంచి వచ్చింది. ‘మేము మొదటి రోజే తీసేశాం. మీరిద్దరూ ఎలా ఉన్నారు?’ నేను చెప్పలేదా అన్న మాట అందులో ఎక్కడా లేదు. చెల్లెలు అప్పుడు ఏడ్చింది.

చెవికి కుట్లు వేయించుకుని అక్క వచ్చి పక్కన కూర్చుంది.

“వాడికి గది నంబరు ఎలా తెలిసింది?”

చెల్లెలు చెప్పింది. లిఫ్టు దగ్గర ఏడ్చిన పిల్ల దగ్గర మొదలుపెట్టి, లైబ్రేరియన్ మాట, తన నవ్వు ముఖం, ఏదీ దాచలేదు.

అక్క ఆమె చెంప ఛెళ్ళుమనిపించింది. చేతికి ఇంకా తెల్లపొడి ఉంది. చెల్లెలి చెంప మీద అయిదు వేళ్ళూ తెల్లగా పడ్డాయి. నర్సు పరుగెత్తుకొచ్చింది. “ఏం లేదు, మా ఇంటి విషయం,” అంది అక్క. ఆ మాట తన నోటినుంచే విని, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

పంతొమ్మిది రోజులు ఇంట్లో మాటల్లేవు. అక్క వండేది, చెల్లెలి కంచంలో అన్నం ముద్దలు కలిపి పెట్టేది, ఎందుకంటే కుడిచెయ్యి కట్టులో ఉంది. కానీ మాట్లాడేది కాదు. ఎడమ చెవి ఇక వినబడదని డాక్టరు చెప్పిన రోజు కూడా ఆ సంగతి కాగితం మీద రాసి బల్ల మీద పెట్టింది. ఇరవయ్యో రోజున కంప్యూటర్ల విభాగానికి వచ్చి చెల్లెలి పక్కన కుర్చీ లాక్కుంది.

“మొత్తం చూపించు. మొదటినుంచీ.”

ఆ రోజునుంచి నాలుగు రోజులు, ఎర్రపెన్ను పట్టుకుని, ప్రతి పేజీ దగ్గరా ఒకటే ప్రశ్న: “ఇదెవరికి కనబడుతుంది?” విద్యార్థుల జట్టు జాబితా ఎవరికి? ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్నది ఎవరికి? ఫోటో ఎవరికి? తెలియదు అన్నచోటల్లా కాగితం మీద సున్నా చుట్టింది. అరవై రెండు సున్నాలు తేలాయి. గడ్డం ఒకచోట “ఇది అంత ప్రమాదం కాదులెండి” అన్నాడు. అక్క జుట్టు పక్కకు తీసి చెవి చూపించింది. అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. గది నంబరు మళ్ళీ వచ్చింది, కానీ లాగిన్ అయిన విద్యార్థికి, తన క్లాసుకు మాత్రమే, అదీ మాస్టారు ఒప్పుకుంటేనే. కొత్త పిల్లల కోసం గుమ్మం దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టారు.

కేసు ఏడాది తరవాత విచారణకు వచ్చింది. బావ కుడిచేతి వేళ్ళు రెండు వంగవు. పై పళ్ళు కట్టుడువి. అతని వకీలు చెల్లెలిని బోనులో నిలబెట్టి నింపాదిగా అడిగాడు.

“ఆ గది నంబరు లోకమంతటికీ కనబడేలా పెట్టింది ఎవరు?”

“నేనే.”

“అలా పెట్టొద్దని ఎవరైనా చెప్పారా?”

“చెప్పారు. నేను వినలేదు.”

“నా క్లయింటు కింద పడిపోయాక వేళ్ళు విరగ్గొట్టింది?”

“నేనే.”

జడ్జి కళ్ళద్దాల పైనుంచి ఆమెను చూసి ఏదో రాసుకున్నారు. సాయంత్రానికి బావకు ఏడేళ్ళు వేశారు. వేళ్ళ సంగతిలో ఆమెను మందలించి వదిలేశారు. పోలీసుల మధ్య నడిచిపోతూ బావ అక్క వైపు చూశాడు. అక్క కూడా చూపు తిప్పకుండా చూసింది, తలుపు మూసుకునేదాకా.

మెట్లు దిగాక అక్క ఆగింది.

“అడిగినదానికల్లా నేనే, నేనే అంటావేంటే? ఇంకాసేపు నిలబెడితే ఊళ్ళో దొంగతనాలన్నీ ఒప్పుకునేలా ఉన్నావు.”

ఏడాదిలో అక్క వేసిన మొదటి జోకు అది. చెల్లెలికి నవ్వు రాలేదు. మణికట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

“మూడోసారి కూడా కొట్టేదాన్నే అక్కా. నువ్వు ఆపకపోతే.”

“తెలుసు,” అంది అక్క. “నేనూ ఆపేదాన్ని కాదు, నీ ముఖం చూడకపోతే. పద, రేపు పొద్దున్నే నాకు క్లాసుంది.”