కుంకుమ మీద నెట్టిన తప్పు

బెంగళూరులో నేను చేరిన మొదటి ఉద్యోగం టెస్టింగ్. అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, అవి ఎవరి తప్పులో రాసి పైవాళ్ళకి పంపడం. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. తప్పు పట్టడంలో లలిత్ తర్వాతే ఎవరైనా అని టీమ్‌లో అనేవాళ్ళు. చాలాకాలం అది పొగడ్తే అనుకున్నాను.

కాటన్‌పేటలో జయరామప్పగారింటి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. వాళ్ళు తాతల కాలంలోనే ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. కింద ముందు హాల్లో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పదకొండు టైపు మిషన్లు, ఒక గోడగడియారం, వీధిలోకి ఒక రేకు బోర్డు. ఒకప్పుడు పొద్దున ఆరింటి బ్యాచ్‌లో కూడా సీటు దొరికేది కాదట. నేను చేరేనాటికి ఏడు మిషన్ల మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉండేది.

2003 దసరా ముందు ఆయన ఒక పాత కంప్యూటర్ కొన్నారు. ఏదో ఆఫీసువాళ్ళు వాడినన్నాళ్ళు వాడి తీసేసింది. హాలు పక్కనున్న చిన్న గదిలో పెట్టించి నన్ను పిలిచారు.

"స్వల్ప చూడప్పా లలిత్. దీంట్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసియ్యి. విజయదశమి పొద్దు క్లాసు మొదలుపెట్టల్ల. అయిదుమంది చేరినారు" అన్నారు.

నాకు రాదని చెప్పాలి. మా ఆఫీసులో మెషీన్ మొండికేస్తే రియాజ్ అనే అతను వచ్చి బాగుచేసేవాడు, నేను ఆ కాసేపు టీకి వెళ్ళేవాణ్ణి. కానీ వీధిలో కనబడ్డ ప్రతివాడికీ "మా మేడ మీద సాఫ్ట్‌వేర్ ఇంజనీరు" అని నన్ను చూపించే పెద్దాయన ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు. "అదెంత పని సార్" అన్నాను.

చేరిన అయిదుగురిలో ఆశ ఒకతె. వాళ్ళమ్మ సొన్నమ్మ ఆ ఇన్‌స్టిట్యూట్ ఊడ్చి, తుడిచి, తాళాలు తీసి వేసే మనిషి. ఆశ పీయూసీ, అంటే ఇక్కడి ఇంటర్, అయ్యాక ఇంట్లో ఉంటే జయరామప్పగారే, "పద్నాలుగేండ్లుగా ఈడ ఊడుస్తా ఉండావు, నీ కూతురికి ఫీజేంటికి, పంపించు" అన్నారు. ఆ వారమంతా సొన్నమ్మ కంప్యూటర్ గది గడప రోజుకి రెండుసార్లు తుడిచింది.

శుక్రవారం సాయంత్రం నేను కంప్యూటర్ పెట్టె మూత విప్పాను. కొత్త సిస్టమ్‌కి ఉన్న మెమరీ చాలదని రియాజ్ చెబితే ఎస్పీ రోడ్డులో ఇంకో ముక్క కొనుక్కొచ్చాను. లోపల దుమ్ము బొంతలా పేరుకుంది. ఊదాను, బ్రష్‌తో దులిపాను. మెమరీ దిగాల్సిన చోట ఒక సన్న వైరు అడ్డం వచ్చింది. దాన్ని ఊడదీసి పక్కకి నెట్టాను. మెమరీ దిగింది. మూత పెట్టి స్క్రూలు బిగించాను. ఆ వైరు తిరిగి పెట్టడం మరిచిపోయాను. ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను. అప్పుడు దాచింది చాలు, మళ్ళీ కథలో కూడా దాచి చివర్లో బయటపెడితే ఇంకా సిగ్గుచేటు.

మర్నాడు ఆయుధపూజ. ఆ రోజు బెంగళూరులో పూజ లేకుండా చక్రం గానీ యంత్రం గానీ మిగలదు. ఆటోలకి అరటిపిలకలు, వీధి నిండా పగలగొట్టిన బూడిదగుమ్మడికాయలు. సొన్నమ్మ పదకొండు మిషన్లూ తుడిచి విభూతి పూసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు గుచ్చింది. తర్వాత పళ్ళెం పట్టుకుని కంప్యూటర్ దగ్గరకొచ్చి నిలబడింది.

"దీనికి పెట్టొచ్చునా సార్?" అని అడిగింది.

"పెట్టు, పెట్టు" అన్నాను, పెద్దమనిషిలాగా.

మూడు బొట్లు పెట్టింది. మానిటర్‌కి ఒకటి, కీబోర్డుకి ఒకటి, పెట్టెకి సీడీ పెట్టే చోటికి కాస్త పైన ఒకటి.

పదకొండింటికి సీడీ పెట్టి మొదలుపెట్టాను. మొదట్లో అంతా బాగానే సాగింది. 'ఇంకా 34 నిమిషాలు' అని చూపించే చోటికొచ్చి బొమ్మలా ఆగిపోయింది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అంతదూరం కూడా రాలేదు. భోజనానికి పోయి, జయరామప్పగారి భార్య పద్మావతమ్మగారు పెట్టిన ఒబ్బట్లు తిని వచ్చి మళ్ళీ వేస్తే మళ్ళీ 34 దాకా వచ్చి ఆగింది. కాసేపు ఊరుకుంటే ముందుకెళుతోంది, వెంటనే వేస్తే ముందే ఆగుతోంది. కాస్త ఇంగితం ఉన్నవాడెవడైనా ఇక్కడే కనిపెట్టేవాడు. నేను సీడీని చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాను.

రియాజ్‌కి ఫోన్ చేశాను. "ఫ్యాన్ తిరుగుతోందా?" అని మొట్టమొదట అదే అడిగాడు. పెట్టె వెనకాల గాలి బరబరా కొడుతూనే ఉంది. "తిరుగుతోంది" అన్నాను. లోపల ఇంకో చిన్న ఫ్యాన్ ఉంటుందని నాకు తెలీదు. ఏ ఫ్యాన్ అని అడిగితే తెలీదని తేలిపోతుంది కదా, అందుకని అడగలేదు. "అయితే పాత మెషీన్ కదా, ఏదైనా కావచ్చు" అన్నాడు.

నాలుగింటికి సొన్నమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు పెడుతూ పెట్టె పక్కన చెయ్యి ఆనించి, వెంటనే తీసేసింది.

"సార్, ఇది శానా కాలతా ఉండాది. జ్వరమొచ్చిన పిల్లోని వొళ్ళు మాదిరి" అంది.

"మెషీన్లన్నాక వేడెక్కుతాయి సొన్నమ్మా. నీకు తెలీదులే."

అయిదింటికి జయరామప్పగారు వచ్చారు. ఒక్కరే కాదు, పిల్లల్ని చేర్పించిన ఇద్దరు తండ్రుల్ని కొత్త కంప్యూటర్ చూపిస్తానని వెంటబెట్టుకొచ్చారు. తెర మీద అదే 34.

"ఏమప్పా, యింకా అయ్యలేదా? రేపు పొద్దున తొమ్మిదికి క్లాసు గదా" అన్నారు.

ముగ్గురూ నావైపే చూస్తున్నారు. నా చూపు సీడీ అర అంచు మీద పడింది. అక్కడ ఆవగింజంత కుంకుమ రాలి ఉంది.

"లోపలికి కుంకుమ పడింది సార్" అన్నాను. "సీడీ చదివే అద్దం మీద పొడి పడితే ఇలాగే ఆగిపోతుంది. అందుకే వీటికి పూజలూ అవీ చెయ్యకూడదంటారు."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. కానీ ఆ మాట నా నోట ఎంత నున్నగా వచ్చిందంటే, ఆఫీసులో రాసే రిపోర్టు చదివినట్టే ఉంది. తండ్రులిద్దరూ తలలూపారు.

జయరామప్పగారు మెత్తని మనిషే గానీ బయటివాళ్ళ ముందు మాటపోతే తట్టుకోలేరు. కాఫీ గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చిన సొన్నమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా సొన్నమ్మా, యిన్నేండ్లుండి యింత బుద్ధి లేకపోయెనా? యింక ఈ రూములో కాలు పెట్టొద్దు. నీకూ వొద్దు, నీ కూతురికీ వొద్దు" అన్నారు.

'సార్‌ని అడిగే పెడ్తిని' అని ఆవిడ ఒక్క మాట అని ఉంటే నా పని అయిపోయేది. అనలేదు. నావైపు ఒకసారి చూసింది, అంతే. ఆ చూపుకి తట్టుకోలేక, ఏదో పని చెప్పాలి కాబట్టి, "ముందు అదంతా తుడిచెయ్యి" అన్నాను.

పండగపూట, హాల్లో దీపం ఇంకా వెలుగుతుండగా, తన చేత్తో పెట్టిన కుంకుమ తనే తుడవడమంటే ఎంత చెడ్డగా అనిపిస్తుందో మా అమ్మని చూసినవాణ్ణి, నాకు తెలుసు. తెలిసే అన్నాను. సొన్నమ్మ చీరకొంగుతో మూడు బొట్లూ తుడిచింది. తుడిచి ఆ పెట్టెకి దండం పెట్టింది. "తప్పయిపోయె సార్" అని నాకూ పెట్టింది.

అందరూ వెళ్ళాక, అద్దం తుడుస్తున్నట్టు కనబడాలని మూత విప్పాను. విప్పగానే వేడి మొహానికి కొట్టింది. మధ్యలో చిన్న ఫ్యాన్, కదలకుండా. దాని వైరు నేను నెట్టిన చోటే వేలాడుతోంది. పెట్టాను. తిరిగింది. ఆ తర్వాత సిస్టమ్ ఒక్క దమ్మున ఎక్కేసింది, ఎక్కడా ఆగలేదు. సీడీ చదివే చోట కుంకుమ నలుసైనా లేదు.

జయరామప్పగారు తలుపు దగ్గర నుంచి, "కుంకుమేనా అప్పా?" అని అడిగారు.

ఆ క్షణంలో కూడా చెప్పొచ్చు. "ఊఁ, తుడిచేశాను" అన్నాను. అంతకుముందు అన్నది తెలియక అన్నది. ఇది తెలిసి అన్నది. ఆ రాత్రి పద్మావతమ్మగారు నాకోసం ప్రత్యేకంగా ఇంకో రెండు ఒబ్బట్లు పంపారు, తినకుండా పక్కన పెట్టేశాను.

విజయదశమి రోజు క్లాసులో నలుగురే కూర్చున్నారు. జయరామప్పగారు గది తలుపుకి 'కంప్యూటర్‌కు పూజ చేయరాదు' అని కన్నడంలో టైపు కొట్టి అంటించారు. వచ్చినవాళ్ళందరికీ కుంకుమ కథ చెప్పి, చివర్లో నన్ను పిలిచి చూపించేవారు. గుమ్మడికాయల దొంగలా నేను ప్రతిసారీ భుజాలు తడుముకునేవాణ్ణి. సొన్నమ్మ రోజూ వచ్చి ఊడ్చేది. ఆమె చీపురు ఆ గది గడప దాకా వచ్చి ఆగిపోయేది. గడప అవతల దుమ్ము, ఇవతల అద్దంలాంటి నేల. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఆ గీత చూడకూడదని నేను వెనక మెట్ల మీంచి దిగడం మొదలుపెట్టాను.

పదకొండో రోజు పద్మావతమ్మగారు మాటల్లో అన్నారు. "పాపం, ఆ ఆశ సోమవారం నుంచి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి పోతుందంట. మా ఆయన కోపం తగ్గి మళ్ళీ రమ్మన్నా సొన్నమ్మ వొప్పుకోలే. నా చెయ్యి మంచిది కాదు, యింకో మిషను చెడిపోతే యాడ తెచ్చియ్యాల అంటుండాది."

ఆ సాయంత్రమే సొన్నమ్మ ఉండే వఠారానికి వెళ్ళాను. నన్ను చూసి గాభరాపడి చాప వేసింది. ఆశ లోపల గార్మెంట్స్‌కి పట్టుకెళ్ళడానికి కొన్న కొత్త టిఫిన్ బాక్సు కడుగుతోంది. నిలబడే చెప్పేశాను. వైరు నేనే ఊడదీశానని, కుంకుమకీ దానికీ సంబంధం లేదని, తప్పంతా నాదని. ఇన్ని రోజులు దాచింది బయటికొచ్చిందని తేలిగ్గా ఉంది.

సొన్నమ్మ మెల్లగా నవ్వింది.

"మీరు మంచోళ్ళు సార్. నేను బాధపడ్తా ఉండానని యిట్ల చెప్తా ఉండారు" అంది.

"కాదు సొన్నమ్మా, నిజం."

"యింత సదువుకున్నోళ్ళు వైరు మర్చిపోతారా? కుంకుమ రాల్చింది నేను గదా. పోనీండి సార్, కాఫీ తాగండి."

ఎంత చెప్పినా అదే. నా అబద్ధాన్ని ఒక్క మాటకే నమ్మిన మనిషి నా నిజాన్ని నమ్మలేదు. పైగా నా మంచితనానికి ఆ కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసింది. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

శనివారం పొద్దున బ్యాచ్‌కి సొన్నమ్మనీ ఆశనీ రమ్మన్నాను. నలుగురు పిల్లలు, జయరామప్పగారు, పద్మావతమ్మగారు అందరూ ఉన్నారు. తల్లీకూతుళ్ళు గడప బయటే నిలబడ్డారు. కంప్యూటర్ మూత విప్పి, ఆన్ చేసి, ఆ చిన్న ఫ్యాన్ వైరు అందరికీ చూపించి ఊడదీశాను.

"ఆయుధపూజ రోజు ఇది ఇలాగే ఉంది. నేనే ఊడదీసి మరిచిపోయాను. ఏం జరుగుతుందో చూడండి" అన్నాను.

గోడగడియారం చప్పుడు వింటూ నిలబడ్డాం. పావుగంట కాకముందే తెర బిగుసుకుపోయింది. మౌస్ ఇటూ అటూ కదిపి చూపించాను, కదల్లేదు.

"సొన్నమ్మా, లోపలికి రా. చెయ్యి పెట్టి చూడు."

ఆవిడ జయరామప్పగారి వైపు చూసింది. ఆయన తల దించుకుని, రమ్మని చేత్తో సైగ చేశారు. సొన్నమ్మ గడప దాటి వచ్చి, పెట్టె పక్కన చెయ్యి ఆనించి, తీసేసింది.

"ఆ పొద్దు గూడా యిట్లనే కాలతా ఉండె" అంది. "నేను చెప్తిని."

"చెప్పావు."

అప్పుడు నమ్మింది. నమ్మడం మొహంలో కనబడింది. సార్ అనే మనిషి ఆ మొహంలోంచి వెళ్ళిపోవడం కూడా కనబడింది. వైరు తిరిగి పెట్టాను, ఫ్యాన్ తిరగసాగింది. జయరామప్పగారు తలుపు మీది కాగితం పీకి ఉండచుట్టారు. ఆశని పిలిచి, "సోమవారం యాడికీ పోవద్దు, యిట్ల కూర్చో" అని కుర్చీ చూపించారు. అంతా అయిపోయిందనుకున్నాను.

సొన్నమ్మ ఇంకా నా ఎదురుగానే నిలబడి ఉంది.

"మరి పండగపూట నాచేత కుంకుమ యాల తుడిపిస్తివి?" అంది.

పిల్లలు కూడా వింటున్నారు. ఇంకో అబద్ధానికి ఓపిక లేదు.

"ఆ పని నాకు రాదని చెప్పడానికి సిగ్గేసింది సొన్నమ్మా" అన్నాను.

ఇంకా ఏదో చెబుతానేమోనని ఆవిడ కాసేపు చూసింది.

"దానికేనా?" అంది.

తర్వాత చీపురు తెచ్చి, పదమూడు రోజులుగా పేరుకున్న ఆ గది దుమ్ము ఊడవడం మొదలుపెట్టింది. నేను అడ్డంగా నిలబడి ఉన్నానని, పక్కకి జరగమంది.