హద్దురాయి లేని చేను

చెన్నకేశవులుకు ఆరెకరాలు. పక్కనే ఓబులేసుకు రెండెకరాలు. కరువులో ఇద్దరికీ చెరో ఎద్దే మిగిలింది. ఒంటెద్దుతో సేద్యమేం సాగుతుంది? బేస్తవారిపేట చుట్టుపక్కల అందరూ చేసేదే వాళ్ళూ చేశారు. రెండెద్దులనూ ఒక కాడికి కట్టి పొత్తు సేద్యం మొదలుపెట్టారు. కాగితం లేదు, సాక్షి లేడు.

అరక తిప్పినప్పుడల్లా మధ్యనున్న గట్టు అడ్డమొచ్చేది. "మన మధ్య గట్టేంది మామా? దున్నేద్దాం పా," అన్నది ఓబులేసే. హద్దురాయిని కూడా తనే పెరికి, "అత్త బట్టలుతుక్కుంటాదిలే" అని చెన్నకేశవులు దొడ్లో వేసిపోయాడు. ఎంత నమ్మకమో చూడండి! పన్నెండేళ్ళు అట్లాగే గడిచాయి.

రీసర్వే వచ్చిన ఏడు, ఓబులేసు గొర్రెల మందతో నల్లమల ఎక్కాడు. కొలిచే గొలుసు మోయించుకుని వచ్చిన సర్వే అయ్య ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసి, "గట్టు లేదే! అంతా నీదేనా?" అని అడిగాడు.

"రెండెకరాలు ఓబులేసువయ్యా" అంటే సరిపోయేది. రెండే ముక్కలు! చెన్నకేశవులు నోటికి ఏం రోగమొచ్చిందో, "ఊఁ" అన్నాడు. ఎనిమిదెకరాలకూ ఒక్క పట్టా, ఒక్క పేరు పడింది.

ఆ పూట నుంచే అతనికి అన్నం సయించలేదు. పట్టాను దూలం సందులో దోపి, అటు చూడటం మానేశాడు. దొడ్లో భార్య గురవమ్మ ఆ రాయి మీద బట్ట బాదినప్పుడల్లా తన చెంపమీద కొట్టినట్టుండేది. అయినా నోరు విప్పాడా? తేలు కుట్టిన దొంగలా తిరిగాడు.

తొలకరి పడింది. మందతో నల్లమల దిగొచ్చిన ఓబులేసు తెల్లారగానే ఎద్దును తోలుకుని చేలోకొచ్చాడు. రెండెద్దులకూ కాడి కడుతూ, "సర్వే అయ్య వచ్చినాడంట గదా మామా. నేను ల్యాకపోయినా నువ్వుంటివి, అదే నా ధైర్యం," అన్నాడు.

చెన్నకేశవులుకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోయి రాయిని భుజానికెత్తుకున్నాడు. "బట్టలు నానబెట్టినా, రాయేడికి తీసకపోతాండావు?" అని గురవమ్మ అరిచినా ఆగలేదు. చేలో పాత గట్టు చోటు గుర్తుచేసుకుని దించాడు.

"రాయెందుకు మామా? అరకకు తగులుతాది."

"తగలనీరా. అంతా నాదేనా అని సర్వే అయ్య అడిగితే ఊఁ కొట్టినా. నీ రెండెకరాలు నా పట్టాలో పడినాయి. సిగ్గుమాలిన పని చేసినా ఓబులేసూ. రేపు మార్కాపురం పోయి అర్జీ పెట్టి నీ పేరు రాయిస్తా."

ఓబులేసు తిట్టలేదు. తిట్టినా బాగుండేది, పాపం కొంతైనా దిగేది. వంగి రాయిని రెండు చేతులా ఎత్తి, తన చేనివైపే రెండు మూరలు జరిపి పెట్టాడు.

"నువ్వు పెట్టింది తప్పు మామా. నీ నేల ఈడిదాకా ఉంది," అన్నాడు. "రేపు పోదాంలే."

కాడి దించి, తన ఎద్దును విప్పుకుని పోయాడు. తొలకరికి పదునెక్కిన నేల ఎండకు ఆరిపోతోంది. చెన్నకేశవులు ఒంటెద్దు పక్కన కాడి పట్టుకుని నిలబడ్డాడు.